విడిభాగాల కంప్యూటర్: అండమాన్ దీవుల నుంచి ఒక చరిత్ర పాఠం

విద్యార్థులారా! భారతదేశ పటంలో అండమాన్ దీవులను చూడండి. వాటి ముఖ్య పట్టణం పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. విశాఖపట్నం నుంచి అక్కడికి సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు, ఓడలో సుమారు మూడు రోజుల ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. వారిలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. అక్కడి ఒక తెలుగు కుటుంబం పిల్లల చదువు కోసం డెస్క్‌టాప్ కంప్యూటర్ కొనాలనుకుంది అనుకుందాం. చేతిలో డబ్బు తక్కువ. కొన్నది పదేళ్లు పనిచేయాలి. ఏ భాగం మీద ఎక్కువ ఖర్చు పెట్టాలి? దేని మీద తగ్గించుకోవచ్చు?

అసలు ఇలా భాగాలు ఎంచుకునే అవకాశం మనకు ఎలా వచ్చిందో ముందు తెలుసుకుందాం. 1981 ఆగస్టు 12న అమెరికాలోని ఐబీఎం సంస్థ తన వ్యక్తిగత కంప్యూటర్‌ను విడుదల చేసింది. డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలోని చిన్న బృందం సుమారు ఏడాదిలో దానిని తయారు చేయవలసి వచ్చింది. అన్నీ సొంతంగా తయారు చేసే వ్యవధి లేదు. అందుకే ప్రాసెసర్‌ను ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకున్నారు. సర్క్యూట్ పటాలను కూడా పుస్తకంగా ప్రచురించారు. మరుసటి ఏడాదే కాంపాక్ సంస్థ ఐబీఎం యంత్రానికి సరిపోయే కంప్యూటర్‌ను ప్రకటించింది. ఆ తరువాత అటువంటివి తయారు చేసే కంపెనీలు ఎన్నో వచ్చాయి. ఒక సంస్థ తొందరలో తీసుకున్న నిర్ణయం వల్ల ప్రపంచానికి విడిభాగాల బజారు ఏర్పడింది!

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. మదర్‌బోర్డు కొలతలు, స్క్రూ రంధ్రాల స్థానాలు, ఎస్‌ఎంపీఎస్ ఆకారం, దాని కనెక్టర్లు ఇందులో నిర్ణయించారు. చూడటానికి ఇది చిన్న విషయం. కాని దీవులలో ఉన్నవారికి అన్నిటికంటే విలువైనది ఇదే. ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే ఏ కంపెనీ ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ అయినా అదే చోట బిగుస్తుంది. కొన్ని బ్రాండెడ్ కంప్యూటర్లలో ఆ కంపెనీ ప్రత్యేక ఆకారం భాగాలే సరిపోతాయి. అటువంటి భాగం ప్రధాన భూభాగం నుంచి వచ్చేదాకా యంత్రం మూలన పడి ఉండవలసిందే. కాబట్టి మొదట చూడవలసింది వేగం కాదు, ప్రమాణం.

మన దేశంలో 1984 నవంబరులో వచ్చిన కంప్యూటర్ విధానం దిగుమతులను కొంత సులభం చేసింది. 1997లో భారత్ సమాచార సాంకేతిక ఉత్పత్తుల ఒప్పందంలో చేరింది. ఆ ఒప్పందం కింద 2005 నాటికి కంప్యూటర్ భాగాలపై కస్టమ్స్ సుంకం దశలవారీగా తొలగిపోయింది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్ వంటి చోట్ల ‘అసెంబుల్డ్ కంప్యూటర్’ అనే మాట ఇంటింటి మాట అయింది. ఆ రోజుల్లో కొనేవారు ప్రాసెసర్ ఎంత, ర్యామ్ ఎంత అని అడిగేవారు. ఎస్‌ఎంపీఎస్ ఏమిటని అడిగినవారు అరుదు. అది క్యాబినెట్‌తో పాటే వచ్చేది.

సరిగ్గా ఆ కాలంలోనే ఒక విచిత్రమైన జబ్బు ప్రపంచమంతటా కంప్యూటర్లకు పట్టుకుంది. మదర్‌బోర్డుల మీద ఉండే చిన్న డబ్బాల వంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉబ్బి, పగిలి, కారిపోసాగాయి. లోపలి ద్రవం మిశ్రమం సరిగా లేకపోవడం దీనికి ప్రధాన కారణం. డెల్ సంస్థ ఇటువంటి మదర్‌బోర్డులు మార్చడానికి 2005లో 30 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. తరువాత ద్రవం లేని పాలిమర్ కెపాసిటర్లు మదర్‌బోర్డులపై సాధారణమయ్యాయి. ఎస్‌ఎంపీఎస్‌లలో మాత్రం ద్రవం ఉన్న రకం నేటికీ ఉంది. దాని విషయంలో ఇంజనీర్లు ఒక లెక్క పాటిస్తారు: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది.

ఈ లెక్కను దీవులకు అన్వయిద్దాం. అక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం. గాలిలో తేమ, ఉప్పు. విద్యుత్తు ప్రధానంగా డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. ఉత్తర అండమాన్‌లో 2001లో మొదలైన కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 5.25 మెగావాట్లు మాత్రమే. ప్రధాన భూభాగం గ్రిడ్‌తో దీవులకు సంబంధం లేదు. ఇటువంటి చిన్న వ్యవస్థలో ఒక పెద్ద మోటారు ఆడినా, ఆగినా వోల్టేజీ కదులుతుంది. అందుకే మన కుటుంబం ముందు డబ్బు కేటాయించవలసింది 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకునే మంచి ఎస్‌ఎంపీఎస్‌కు, ఆ తరువాత యూపీఎస్‌కు. 2004లో మొదలైన 80 ప్లస్ గుర్తు ఉన్న ఎస్‌ఎంపీఎస్ విద్యుత్తును తక్కువగా వృథా చేస్తుంది కనుక తక్కువ వేడెక్కుతుంది.

ఆ ఖర్చును ప్రాసెసర్ దగ్గర తగ్గించుకోవచ్చు. గ్రాఫిక్స్ తనలోనే ఉన్న, తక్కువ వాట్ల ప్రాసెసర్ చదువుకు చాలు. వేరే గ్రాఫిక్స్ కార్డు అంటే మరో ఫ్యాను, మరింత వేడి. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ మేలు. అయినా ముఖ్యమైన ఫైళ్లకు మరో ప్రతి ఉండాలి. ర్యామ్ అంచులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టడం మీలో కొందరు చూసే ఉంటారు. తేమకు పట్టిన పొర పోయి యంత్రం లేస్తుంది, నిజమే. కాని తుడిచిన ప్రతిసారీ పలుచని బంగారు పూత కూడా కొంత అరుగుతుంది. ఇది చికిత్సే గాని అలవాటు కాకూడదు.

మదర్‌బోర్డు ఎంపికలో సాకెట్ చరిత్ర చూడాలి. ఏఎండీ సంస్థ 2016లో తెచ్చిన ఏఎం4 సాకెట్‌లో 2022లో విడుదలైన ప్రాసెసర్లు కూడా పనిచేశాయి. పాత బోర్డులకు బయోస్ మార్పు చాలింది. 2017లో ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లకు మాత్రం సాకెట్ పేరు అదే అయినా కొత్త బోర్డు కావలసి వచ్చింది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. అంతకుముందు ఇంటర్నెట్‌కు ఉపగ్రహాలే ఆధారం. నెట్టు అంతంతమాత్రంగా ఉన్నప్పుడు పాత సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రం నడిచిపోయేది. ఇప్పుడు అది ప్రపంచమంతటికీ తలుపు తెరిచి కూర్చుంటుంది. భద్రతా సవరణలు అందడం తప్పనిసరి. విండోస్ 10కు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి. ఇది లేని సెకండ్‌హ్యాండ్ యంత్రం చవకగా దొరికితే లినక్స్ వేసుకుని వాడుకోవచ్చు.

చివరగా ఒక చిన్న వస్తువు గురించి చెప్పుకోవాలి. 1981 ఐబీఎం యంత్రంలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఆపిన తరువాత కూడా తేదీని గుర్తుంచుకునే ఏర్పాటు 1984లో ఐబీఎం ఏటీతో వచ్చింది. నేటి మదర్‌బోర్డుపై రూపాయి బిళ్లలా కనిపించే సీఆర్ 2032 బ్యాటరీ ఆ పనే చేస్తుంది. అది అయిపోతే తేదీ తప్పుతుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్లు భద్రతా హెచ్చరిక చూపి తెరుచుకోవు. ఇంటివారు నెట్టు పాడైందనుకుంటారు. ఓడలో సరుకు తెప్పించుకునేటప్పుడు ఆ బ్యాటరీలు రెండు కలిపి రాయించండి.