ఇంద్రవెల్లి, వాకపల్లి, కోలాంగొంది: పోలీసు బలం ఎట్లా మారుతూ వచ్చింది?



ఏప్రిల్ 20 వస్తే మన గ్రూపుల నిండా ఇంద్రవెల్లి స్తూపం ఫొటోలే. డీపీలు మారుతాయి, మర్నాటికి మళ్ళీ మామూలే. 1981లో కాల్పులు జరిగాయని అందరికీ తెలుసు. కానీ ఆ తర్వాత నలభై ఏళ్ళలో మన మీద బలం వాడే పద్ధతి ఎట్లా మారిందో ఒక్కచోట పెట్టి మాట్లాడుకున్నది తక్కువ. అందుకే ఈ పోస్ట్ కొంచెం పొడుగు. ఓపికగా చదవండి.

1981 ఏప్రిల్ 20 సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. అప్పటికే 1/70 చట్టం ఉంది. అయినా ఆదిలాబాద్‌లో ఆదివాసీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోతూనే ఉన్నాయి. ఒకవైపు షావుకారి అప్పులు, ఇంకోవైపు అటవీ శాఖ దబాయింపు. వీటి మీద గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. సభకు ముందు ఇచ్చిన అనుమతి రద్దు చేసి 144 సెక్షన్ పెట్టారు. ఫోన్లు లేని రోజులు, ఆ కబురు చాలా గూడేలకు చేరనే లేదు. సభకు వచ్చినోళ్ళు, సంతకు వచ్చినోళ్ళు ఒక్కటైపోయారు. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది. జనం చెప్పే లెక్క 60కి పైన, వంద దాటిందనే వాళ్ళూ ఉన్నారు.

ఒక్క విషయం గమనించండి. పట్టపగలు, సంత నడుమ జరిగింది. చూసినోళ్ళు వేలమంది. అయినా ఎంతమంది పోయారో ఈ రోజుకీ తేలలేదు. చూసినోళ్ళు ఉన్నారు గానీ, పోయినోళ్ళ పేర్లన్నీ రాసిన కాగితం లేదు. ఆఖరికి గుర్తుగా కట్టుకున్న స్తూపాన్ని కూడా 1986లో కూల్చారు. తర్వాత మళ్ళీ కట్టారు. ఆపై ఎన్నో ఏళ్ళు ఏప్రిల్ 20న అక్కడ దండం పెట్టుకోవడానికి కూడా ఆంక్షలే. ఈ మధ్యే అవి సడలాయి.

ఇక రెండో దశ. 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మావోయిస్టుల కోసమని గ్రేహౌండ్స్ దళాన్ని పెట్టింది. అప్పటి దాకా బలం అంటే సభ దగ్గరకో, ఊరి మీదకో వచ్చే పోలీసు. ఇప్పుడు చిన్న చిన్న జట్లుగా అడవిలో రోజుల తరబడి తిరిగే కమాండోలు. అడవిలో ఏం జరిగినా బయటికొచ్చే మాట ఒక్కటే, ‘ఎదురుకాల్పులు’. చెప్పేదీ పోలీసే, రాసేదీ పోలీసే. ఆదిలాబాద్ నుంచి విశాఖ మన్యం దాకా ఏజెన్సీ ఊళ్ళన్నీ ఈ కాలాన్ని చూశాయి.

ఆ మన్యంలోదే వాకపల్లి, జి.మాడుగుల మండలం. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ వాళ్ళు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. పోలీసులు కాదన్నారు. విచారణ మొదలుకావడానికే సుప్రీంకోర్టు దాకా పోవాల్సొచ్చింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పి, ఆ ఆడవాళ్ళకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళు! దర్యాప్తు మొదట్లోనే చెడిపోతే తర్వాత ఎంత పోరాడినా ఏమవుతుందో వాకపల్లి అక్కలను చూస్తే తెలుస్తుంది.

ఈ లోగా చట్టం కూడా కదిలింది. అది కూడా చెప్పుకోవాలి. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు నియమాలు పెట్టింది: అరెస్టు చేసే పోలీసు పేరు కనబడాలి, అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్ళకు కబురు చేయాలి. కస్టడీలో చావు, అత్యాచారం జరిగితే జుడీషియల్ మేజిస్ట్రేటే విచారించాలని 2005లో చట్టం సవరించారు. 2014లో ఎన్‌కౌంటర్ చావుల మీద ఇంకో తీర్పు వచ్చింది: ఎఫ్ఐఆర్ ఉండాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ దర్యాప్తు చేయాలి, పోస్ట్‌మార్టం వీడియో తీయాలి. 2020లో ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని చెప్పింది. ఇవి ఊరికే రాలేదు. పోగొట్టుకున్న వాళ్ళు, వాళ్ళ పక్కన నిలబడ్డ హక్కుల సంఘాలు ఏళ్ళకేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చాయి.

మూడో దశలో మనం ఇప్పుడున్నాం. ఇందులో తుపాకీ పేలనవసరం లేదు. పోడు భూమిలోకి ఫారెస్టోళ్ళు వస్తారు, వెనక పోలీసు బందోబస్తు ఉంటుంది, అడ్డం పోతే కేసు. లాఠీ దెబ్బ వారానికి మానుతుంది. కేసు మాత్రం పాస్‌పోర్టు దగ్గర, ఉద్యోగం దగ్గర మళ్ళీ లేస్తుంది. 2019 జూన్‌లో ఆసిఫాబాద్ జిల్లా కోలాంగొందిలో కొలాం కుటుంబాలను ఇళ్ళు ఖాళీ చేయించి ఫారెస్టు కలప డిపోలో ఉంచారు. అయితే ఈసారి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ పడింది. 60 మందికి పైగా జనాన్ని బస్సులో హైదరాబాద్ తెచ్చి న్యాయమూర్తి ముందు నిలబెట్టాల్సొచ్చింది. వాళ్ళకు ఇళ్ళు, భూమి చూపమని కోర్టు ఆదేశించింది.

ఇంద్రవెల్లికీ కోలాంగొందికీ తేడా ఎక్కడుంది? మన మీద బలం వాడటం ఆగలేదు. కోలాంగొందిలో ఎవరిని, ఎక్కడ, ఎప్పటి నుంచి ఉంచారో రాసుకుని వెంటనే కోర్టుకు చేర్చినోళ్ళున్నారు. తేడా అదే.

మన ముందు తరం చదువు లేక వేలిముద్ర వేసింది. మనం డిగ్రీలు, ఎల్ఎల్‌బీలు చదువుతున్నాం. ఊళ్ళో ఏదన్నా జరిగితే తేదీ, టైం, వచ్చినోళ్ళ పేరు బ్యాడ్జీ, బండి నంబరు, దెబ్బ తగిలినోళ్ళ ఆసుపత్రి చీటీ, ఎఫ్ఐఆర్ కాపీ ఆ రోజే భద్రం చేయండి. స్టేటస్ 24 గంటలకు పోతుంది, కాగితం ఉంటుంది. ఇంకో పని కూడా ఉంది. 1981ని కళ్ళారా చూసిన పెద్దమనుషులు, అవ్వలు ఇప్పటికీ కొన్ని గూడేల్లో ఉన్నారు. ఈ సెలవుల్లో పోయి కూర్చోండి. ఆ రోజు ఇంటికి తిరిగి రానివాళ్ళ పేర్లు అడిగి రాసుకోండి. 13 అనే లెక్క తప్పా ఒప్పా అని మనం వాదిస్తూనే ఉన్నాం, ఆ పేర్లు తెలిసినోళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

జై కొమురం భీం.