ముందు బుష్షు, తర్వాతే అలైన్‌మెంటు

తెల్లారి ఆరవుతోంది. గోపాలపూర్ ఒడ్డున పడవలు ఒక్కొక్కటే ఇసక మీదికి ఎక్కుతున్నాయి. మా చేపల బుట్టలు ఇవాళ పక్కవాళ్ల బండిలో బరంపురం పోయాయి. మా పాత పికప్ షెడ్డులో జాకీ మీద ఉంది.

నెల్లాళ్లుగా స్టీరింగు కుడికి లాగుతోంది. ఎడమ ముందు టైరు మొన్న వేసిందే, అప్పుడే లోపలి అంచు నున్నగా అరిగి తీగ తేలింది. రెండుసార్లు అలైన్‌మెంటు చేయించాను. చక్రం పట్టి ఊపి చూసినవాళ్లు లేరు. వారం తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది.

మేస్త్రీది తెలుగే. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, ఈ ఒడ్డున వలల దగ్గరా మన మాటే వినిపిస్తుంది. ఆయన కింది ఆర్మ్ కింద జాకీ ఎత్తి, ఛాసిస్ కింద స్టాండు నిలిపాడు. టైరును పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపాడు. టక్. మళ్లీ ఊపాడు. టక్.

“ఇక్కడ ఏలు పెట్టు బాబూ.”

పై ఆర్మ్ ఛాసిస్‌ని పట్టుకునే చోట వేలు ఆనించాను. మేస్త్రీ దగ్గరి కుర్రాడు చక్రం ఊపినప్పుడల్లా ఇనుము నా వేలి కింద బియ్యపుగింజంత జరుగుతోంది. టార్చి వేస్తే బుష్షు రబ్బరు చిట్లిపోయి ఉంది, చుట్టూ ఎర్రటి తుప్పుపొడి.

“ఇది పోతే ఆర్మ్ లోపలికి జరుగుతాది, సెక్రం నెత్తి లోపలికి వాలుతాది. బరువంతా లోపలంచు మీదే. మిసను ఏటి సేస్తాది?”

ఎడమ చక్రం అలా వాలితే బండి కుడికి, అంటే ఎదురొచ్చే లారీల వైపు లాగుతుంది. అది తలుచుకోగానే నా ఒళ్లు జలదరించింది. బరంపురం సుమారు 16 కిలోమీటర్లు. రోజూ పక్కన ఇద్దరు కూలీలను కూర్చోబెట్టుకొని పోయాను.

పాత బుష్షులు ప్రెస్సు కింద ఊడొచ్చాయి. కొత్తవి ఎక్కించాక కూడా బోల్టులు పూర్తిగా బిగించలేదు. బండి నేలకి దిగి తన బరువు తాను మోస్తున్నప్పుడే ఆఖరి బిగింపు. గాల్లో ఉండగా బిగిస్తే, బరువు పడగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. అందుకే మేస్త్రీ బండి కింది ఇరుకులో వెల్లకిలా పడుకొని స్పానరు తిప్పాడు.

టై రాడ్ మర ఉప్పుగాలికి బిగుసుకుపోయింది. డీజిల్ పోసి, తట్టి, అరగంట ఓపిగ్గా కదిలించాడు. అది కదలకపోతే టో, అంటే ముందు చక్రాలు చూసే దిశ, సరిచేసే దారే లేదు.

మధ్యాహ్నం బరంపురంలో అలైన్‌మెంటు. పై ఆర్మ్ దగ్గర పల్చటి షిమ్ము రేకులు మార్చగానే కేంబరు (చక్రం వాలు), టై రాడ్ తిప్పగానే టో, తెర మీద ఎరుపులోంచి ఆకుపచ్చలోకి వచ్చాయి. తిరుగు దారిలో బండి తిన్నగా పోయింది.

ఈ పూట మీ బండి ముందు టైర్ల లోపలి అంచు చేత్తో తడమండి. అరుగుదల తగిలితే, అలైన్‌మెంటుకి డబ్బు కట్టే ముందు చక్రం ఎత్తించి ఊపించండి.