రూసో విశాఖ రేవుకొచ్చిన రోజు

1804 సెప్టెంబరు 15. విశాఖపట్నం తీరానికి ఎదురుగా మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు ప్రత్యక్షమయ్యాయి. పెద్దదాని పేరు మారెంగో, దాని మీద 74 ఫిరంగులు. మిగతా రెండూ అటలాంత్, సెమిల్లాంత్. రేవులో ఉన్న ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్ ఒక్కటే. దాని కెప్టెన్ సరిగ్గా ఆ వేళకి ఓడ దిగి ఊళ్లో ఉన్నాడు! అయినా కింది అధికారి ఓడని వదల్లేదు, ఒడ్డు మీది ఫిరంగులు దన్నుగా నిలిచాయి. దాని కాపలాలో ఉన్న రెండు వర్తక నౌకల్లో బార్నబీ ఒడ్డుకి కొట్టుకొచ్చి పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. దాన్ని పట్టుకుని ఫ్రెంచి అడ్మిరల్ లినోవా వెళ్లిపోయాడు.

అంతవరకైతే ఇది మామూలు నౌకాయుద్ధం కథే. నన్ను పట్టుకున్నది మారెంగో పాత పేరు. 1795లో తూలోన్ రేవులో దాన్ని నీళ్లలోకి దింపినప్పుడు పెట్టిన పేరు 'జాన్ జాక్ రూసో'. రాజుని దించిన దేశం తన ఓడకి తత్వవేత్త పేరు పెట్టుకుంది. 1802 వచ్చేసరికి ఆ పేరు చెరిపేసి, నెపోలియన్ గెలిచిన యుద్ధం పేరు పెట్టారు. ఆ ఓడ విశాఖ మీద గుళ్లు కురిపించడానికి నాలుగు నెలల ముందే, మే నెలలో, నెపోలియన్ చక్రవర్తి అయిపోయాడు. రూసో మన రేవుకైతే వచ్చాడు, మారుపేరుతో, ఫిరంగులతో.

అంతకుముందు 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఇక్కడి ఇంగ్లీషు ఫ్యాక్టరీని పట్టుకున్నప్పుడూ ఫ్రాన్సు తరఫున వచ్చింది సైన్యమే. కొంత దూరంలో ఉన్న యానాంలో 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరింది. అయినా ఫ్రెంచి ఆలోచన విశాఖకి చేరిన దారి అది కాదు. నన్నడిగితే అది ఓడెక్కి రాలేదు, హౌరా రైలెక్కి వచ్చింది. అదీ ఇంగ్లీషు పుస్తకాల్లో.

ఫ్రెంచి తత్వవేత్త ఆగస్టు కోంత్ (1798–1857) ప్రత్యక్షవాదానికి మన దేశంలో తొలి చిరునామా కలకత్తా. మనిషి బుద్ధి మొదట దేవుళ్లని, తర్వాత తత్వాన్ని, చివరికి సైన్సుని ఆశ్రయిస్తుందన్నది ఆయన సిద్ధాంతం. సివిల్ సర్వీసు అధికారి హెన్రీ కాటన్, నవలాకారుడు బంకించంద్రుడు దాన్ని శ్రద్ధగా చదివినవాళ్లు. ఆ బెంగాలులోనే పుట్టిన విప్లవకారుడు ఎం.ఎన్. రాయ్ 1936లో జైలునుంచి బయటికొచ్చి, మన దేశానికి ముందు కావలసింది బుద్ధిలో విప్లవం అన్నాడు. యూరపు చరిత్రలో హేతువాదం, ఫ్రెంచి విప్లవం నడిచిన తీరు మీద తర్వాత రెండు సంపుటాల గ్రంథమే రాశాడు.

రాయ్ మాటని తెలుగునాట ముందుగా అందుకున్నవాళ్లలో అబ్బూరి రామకృష్ణారావు ఒకరు. 'మల్లికాంబ', 'ఊహాగానం' రాసిన కవి, విశాఖలోని వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి. పుస్తకాల బీరువాల తాళాలు ఒక కవి చేతిలో ఉండటం ఆ ఊరి అదృష్టం అంటాను. రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ఆ 1930ల్లోనే తర్వాత కమ్యూనిస్టు నాయకుడైన హీరేన్ ముఖర్జీ అక్కడ చరిత్ర చెప్పారు. అదే ఊళ్లో ఏవీఎన్ కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసిన కుర్రాడు శ్రీశ్రీ. బోదిలేర్ మొదలు సర్రియలిస్టుల దాకా ఫ్రెంచి కవుల మీద మోజుపడ్డవాడు. ప్రయోగశాలలో సైన్సు, బయట కవిత్వం: కోంత్‌కి నచ్చే జతే, కాకపోతే ఆయన క్రమశిక్షణకి మన మహాకవి లొంగేవాడు కాడు.

తెలుగువాళ్లు కోంత్‌ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు, దేవుడి బదులు మానవజాతిని పూజించమన్న ఆయన మానవమతాన్ని అసలే ముట్టలేదు. హేతువుని రాయ్ దగ్గర, ఆవేశాన్ని కవుల దగ్గర తీసుకున్నారు. ఆ ఎంపిక సరైనదే.

ఇక ఆ ఓడ. 1806 మార్చి 13న ఇంగ్లీషువాళ్లు అట్లాంటిక్‌లో దాన్ని పట్టుకున్నారు. స్వేచ్ఛ గురించి రాసినవాడి పేరుతో పుట్టిన ఓడని ఖైదీలని ఉంచడానికి వాడి, 1816లో ముక్కలు చేశారు.