డాల్ఫిన్స్ నోస్ చుట్టూ ఒక రౌండ్ నడవగలమా? ఒక కొండ, ఒక హార్బర్ కథ

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, వైజాగ్ దగ్గర డాల్ఫిన్స్ నోస్ అని వెతకండి. జూమ్ చేస్తే సముద్రంలోకి ముక్కు చాపినట్టు ఒక కొండ కనిపిస్తది. తూర్పున బంగాళాఖాతం, ఉత్తరాన ఓడలు లోపలికి వచ్చే కాలువ, ఆ కాలువ చివర హార్బర్, దక్షిణాన యారాడ బీచ్. పడమర వైపు కొండల వరుస ఒక్కటే దాన్ని నేలతో కలుపుతది.

ఇప్పుడు ప్రశ్న. నీళ్ల అంచు పట్టుకుని ఈ కొండ చుట్టూ ఒక రౌండ్ నడవగలమా? లేము. ఎందుకు లేమో చెప్పడమే ఈరోజు ఎపిసోడ్. ఆ కొండ ఊరికి ఏం ఇచ్చిందో, బదులుగా ఊరు ఏం వదులుకుందో అందులోనే ఉంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు వైజాగ్ హార్బర్‌తో ఏం పని అంటారేమో. సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే హైవే 65 చివర ఏముందో తెలుసు కదా? మచిలీపట్నం. గోల్కొండ రాజ్యానికి సముద్రపు తలుపు అది. నేటి హైవే అచ్చంగా పాత దారి కాదు కానీ, దిశ మాత్రం అదే. గోల్కొండ సరుకు ఎడ్ల మీద, బండ్ల మీద ఆ రేవుకు చేరేది. ఇంగ్లీష్ వాళ్లు 1611లో అక్కడికే వచ్చి దిగారు. అంత పేరున్న రేవు ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో మిగిలింది. పెద్ద ఓడలు మాత్రం వైజాగ్‌కు పోతున్నాయి. ఎందుకు?

కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి నేల తీరు. మచిలీపట్నం దగ్గర తీరం చదును, నీళ్లు లోతు తక్కువ. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, దూరంగా లంగరు వేసి పడవల్లో సరుకు దించాలి. అలలకు, గాలికి అడ్డు నిలిచే కొండ లేదు. 1864 నవంబర్ 1న తుఫాను వచ్చినప్పుడు ఉప్పెన ఊరి మీదికి ఎక్కింది. సుమారు 30 వేల మంది చనిపోయారని లెక్క. ఒక రేవుకు కొండ అండ ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

సరే, ఇప్పుడు మ్యాప్ మీదే నడక మొదలుపెడదాం. మొదటి స్టాప్ వైజాగ్ పాత ఊరు, రాస్ హిల్. పక్కపక్కనే చిన్న గుట్టల మీద ఒక చర్చి, ఒక దర్గా, ఒక వేంకటేశ్వరుడి గుడి ఉంటాయి. అక్కడ నిలబడి చూస్తే కాలువ అవతల డాల్ఫిన్స్ నోస్ చేయి చాపితే అందేటట్టు ఉంటది.

అయితే అప్పట్లో కొండ ఉన్నా హార్బర్ లేదు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట ఉండేది, చిన్న పడవలే లోపలికి పోగలిగేవి. పెద్ద ఓడలు బయట సముద్రంలోనే ఆగేవి. మధ్యలో తిరిగేవి మసూలా పడవలు. చెక్కలను మేకులతో కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. అల కొడితే పడవ విరగకుండా కాస్త వంగుతది. మంచి ఇంజినీరింగ్ కదా!

బయట ఆగిన ఓడకు రక్షణ ఉండదు. 1804 సెప్టెంబర్ 15న అదే జరిగింది. ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో వచ్చి ఇక్కడ లంగరు వేసి ఉన్న బ్రిటిష్ ఓడల మీద పడ్డాడు. బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ బాగా దెబ్బతిన్నా, ఒడ్డుకు దగ్గరగా జరిగి నిలబడింది. రెండు వర్తక ఓడల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలింది, ఇంకోదాన్ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. కొండ పక్కనే ఉన్నా దాని వెనక దాక్కునే చోటు లేకపోయింది.

రెండో స్టాప్, కాలువ. ఆ చోటు మనుషులే తవ్వి చేశారు. మధ్య భారతం గనుల్లో మాంగనీస్ ఉంది, దాన్ని బయటికి పంపడానికి దగ్గర్లో రేవు లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతుల మీదుగా 1920లలో పనులు మొదలయ్యాయి. కొండ వెనక ఉన్న ఉప్పు బురద నేలను తవ్వి లోతు చేశారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం రైలు దారి పూర్తయింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మన తూర్పు తీరంలో అలల తోపుకు ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటది. తవ్విన కాలువ మళ్లీ పూడిపోతది. దానికి ఏం చేశారంటే, రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, కాలువ నోటి దగ్గర కావాలని ముంచేశారు. అవే అలలకు, ఇసుకకు అడ్డుకట్ట అయ్యాయి. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. హార్బర్‌లో అడుగుపెట్టిన మొదటి ఓడ అదే.

ఆ రోజుతో కొండకు, పాత ఊరికి మధ్య ఓడల దారి శాశ్వతమైంది. ఎదురుగా కనిపించే ఒడ్డుకు రోడ్డు మీద పోవాలంటే హార్బర్ మొత్తం చుట్టి రావాలి.

మూడో స్టాప్, హార్బర్ లోపలి అంచు. వాల్‌చంద్ హీరాచంద్ కంపెనీ సింధియా ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టింది. 1941 జూన్ 21న రాజేంద్ర ప్రసాద్ పునాది రాయి వేశారు. ఏడాది తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేశాయి. హార్బర్ ఉంటే సంపదతో పాటు శత్రువు చూపు కూడా వస్తది. యుద్ధం అయిపోయాక, 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా జల ఉష నీళ్లలోకి దిగింది. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ అది. ఆ ఏరియాను జనం ఇప్పటికీ సింధియా అనే పిలుస్తారు.

తర్వాత నేవీ పెరిగింది. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడ ఏర్పడింది. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ హార్బర్ బయటే మునిగిపోయింది. ఎలా మునిగిందన్నదానిపై రెండు దేశాల మాట వేరు. కానీ అది ఇంత దగ్గరికి వచ్చిందన్నది నిజం. ఆ కొండ మీద గేట్లు, ఫెన్సింగ్ ఎందుకున్నాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో స్టాప్, యారాడ. సింధియా వైపు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే బీచ్, కొబ్బరి తోటలు. మనలాంటి మామూలోళ్లకు ఈ కొండ సముద్రపు ముఖం దొరికేది ఇక్కడే. బీచ్ నుంచి ఉత్తరానికి నీళ్ల అంచున ముందుకు పోదామంటే నిటారు రాళ్లు, ఆ పైన నేవీ హద్దు. మన రౌండ్ అక్కడ ఆగిపోతది. కొండ నెత్తిన లైట్‌హౌస్ ఉంది. అది రాత్రిపూట ఓడలకు దారి చూపిస్తది.

ఇంకో ధర కూడా ఉంది. 1970లలో ఇనుప ఖనిజం కోసం బయటి హార్బర్ కట్టారు. ఉత్తరానికి పోవాల్సిన ఇసుక హార్బర్ దగ్గరే ఆగిపోతది. అవతల ఉన్న ఆర్కే బీచ్‌కు రావాల్సిన ఇసుక తగ్గి, తీరం కోతకు గురవుతది. అందుకే ఇక్కడ తవ్విన ఇసుకను తీసుకెళ్లి ఆ బీచ్‌లో పోస్తుంటారు. ఒక ఒడ్డును ఆపితే ఇంకో ఒడ్డు అడుగుతది అన్నమాట.

మరి దీన్ని ఎప్పటికీ ఇట్లనే వదిలేయాలా? సిడ్నీ చూడండి, మనోళ్లు చాలామంది ఉన్న ఊరే. ఆ హార్బర్ చుట్టూ ఉన్న కొండ ముక్కుల మీద దశాబ్దాల పాటు సైన్యం ఉంది. అవసరం తీరాక ఆ భూములను అమ్మేయొద్దని జనం పట్టుబట్టారు. 2001లో వాటి కోసం ఒక ట్రస్ట్ ఏర్పడింది. పాత ఫిరంగి స్థావరాల పక్క నుంచి ఇప్పుడు పిల్లలతో నడుస్తున్నారు.

వైజాగ్‌కు అదే కాపీ పేస్ట్ చేయలేం. అక్కడ సైన్యం పని అయిపోయింది, ఇక్కడ నేవీ పని నడుస్తూనే ఉంది. గేట్లు తీసేయమని నేను అనను. నేననేది ఒక్కటే: నేవీకి కావాల్సిన హద్దు వేరు, మిగిలిన తీరాన్ని ఎవరికి వాళ్లు మూసుకోవడం వేరు. రెండో దానికి భద్రత పేరు చెప్పకూడదు. యారాడ అంచు, రాస్ హిల్ మెట్లు, అక్కడి నుంచి కాలువ కనిపించే చోటు, ఇవి ఇవాళ మన కాళ్లకు అందుతున్నాయి. వీటిని కలిపి ఒక నడక దారిగా గుర్తిస్తే రౌండ్ పూర్తి కాకపోయినా సగం అయినా మనకు మిగులుతది.

మిర్యాలగూడ మిల్లులో ఆడిన బియ్యమైనా సముద్రం దాటాలంటే ఏదో ఒక రేవు కావాల్సిందే. కాబట్టి రేవు ఒడ్డున ఉన్నోళ్లు ఏం వదులుకున్నారో తెలుసుకోవడం మన పని కూడా. ఈసారి వైజాగ్ పోతే ఆర్కే బీచ్‌లో సెల్ఫీ తీసుకుని వచ్చేయకండి. రాస్ హిల్ ఎక్కి, కాలువలో ఓడ లోపలికి వచ్చేదాకా ఆగి చూడండి.