పక్క దేశానికి పారిస్ మీదుగా

ఈ వారం ఆఫ్రికా విమానాల చరిత్ర గురించి నాలుగు మాటలు చెబుతాను. కొన్నేళ్ళు లుసాకాలో, కొన్నేళ్ళు జోహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేశాను కనుక ఈ సంగతి నాకు పుస్తకాల వల్లే కాదు, టికెట్ల ధరల వల్ల కూడా తెలిసింది.

ఒకప్పుడు పశ్చిమ ఆఫ్రికా నుంచి తూర్పు ఆఫ్రికాకు వెళ్ళవలసినవారు చాలామంది పారిస్‌కో లండన్‌కో వెళ్ళి, అక్కడ విమానం మారి, మళ్ళీ ఆఫ్రికాకే వచ్చేవారు. ఎందుకంటే తొలి దారులు వేసినవాళ్ళు వలస పాలకులు. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కేప్‌టౌన్ దాకా దారి తెరిచింది. రాజధానికీ వలసలకూ మధ్య టపా, అధికారులు తిరిగితే వాళ్ళకు చాలు. ఇరుగు పొరుగు దేశాల రాకపోకలు వాళ్ళకు పట్టలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రతి దేశమూ ఒక జెండా, ఒక గీతంతో పాటు ఒక విమాన సంస్థ కూడా కావాలనుకుంది. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశపు ఆకాశం ఆ దేశానిదే. కాబట్టి రెండు దేశాల మధ్య విమానం నడవాలంటే వారానికి ఎన్నిసార్లు, ఏ ఊరికి, ఏ సంస్థ నడపాలి అన్నది రెండు ప్రభుత్వాలూ కూర్చుని రాసుకోవాలి. 50కి పైగా దేశాలున్న ఖండంలో ఇలాంటి ఒప్పందాలు ఎన్ని కావాలో మీరే లెక్క వేసుకోండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే బస్సు సూర్యాపేటలో ఆగుతుంది, అందరూ టీ తాగుతారు, కానీ అక్కడ ఎక్కబోయేవాళ్ళను ఎక్కించుకోకూడదు అంటే ఎలా ఉంటుంది? సగం ఖాళీగా నడిచే బస్సులో టికెట్ ధర ఎలా తగ్గుతుంది? మూడో దేశంలో ప్రయాణికులను ఎక్కించుకునే ఈ హక్కునే విమానయాన భాషలో 'అయిదో స్వేచ్ఛ' అంటారు. ఆఫ్రికాలో పేచీ అంతా ఎక్కువగా దీని మీదే.

కలిసి నడుపుకుందామని ప్రయత్నించినవాళ్ళూ ఉన్నారు. కెన్యా, ఉగాండా, టాంజానియాలకు ఉమ్మడిగా ఈస్ట్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ ఉండేది. ఆ దేశాల మధ్య పొత్తు చెడి 1977లో అది మూతపడింది. 1961లో ఫ్రెంచి మాట్లాడే 11 దేశాలు పెట్టుకున్న ఎయిర్ ఆఫ్రిక్ 2002లో దివాలా తీసింది.

1988లో ఐవరీ కోస్టులోని యమసూక్రో నగరంలో ఆఫ్రికా దేశాల మంత్రులు కలిసి, ఆకాశాన్ని ఒకరికొకరు తెరుచుకుందామని ప్రకటించారు. 1999లో అదే ఊరి పేరు మీద, అయిదో స్వేచ్ఛతో సహా, నిర్ణయం చేశారు. 44 దేశాలు ఒప్పుకున్నాయి. అమలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా ప్రభుత్వాలు వెనక్కి తగ్గాయి. తలుపు తీస్తే పెద్ద సంస్థ వచ్చి మన చిన్న సంస్థను మింగేస్తుందని భయం.

ఆ భయం ఉత్తదని నేను అనను. 1946లో కైరోకు తొలి విమానం నడిపిన ఇథియోపియన్ ఇవాళ ఖండంలో అందరికన్నా పెద్దది. దాని పక్కన నిలబడటం చిన్న దేశాలకు కష్టమే. కానీ తలుపు వేసుకున్నవాళ్ళకు ఒరిగిందేమిటి? నైజీరియా ఎయిర్‌వేస్ 2003లో, ఘనా ఎయిర్‌వేస్ 2004లో మూతపడ్డాయి. కాపాడదామనుకున్న సంస్థలూ దక్కలేదు, ప్రయాణికుడికి చవక టికెట్టూ దక్కలేదు.

తలుపు తీసిన చోట ఏమయిందో కూడా చూద్దాం. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం 2014లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2000ల మొదట్లో దక్షిణాఫ్రికా, కెన్యాల మధ్య ఆంక్షలు సడలించాక ప్రయాణికులు 69 శాతం పెరిగారు. దక్షిణాఫ్రికా చౌక విమాన సంస్థ ఒకదాన్ని లుసాకాకు రానిచ్చాక టికెట్ ధర 38 శాతం తగ్గింది, ప్రయాణికులు 38 శాతం పెరిగారు.

2018 జనవరిలో ఆడిస్ అబాబాలో 23 దేశాలతో 'ఒకే ఆఫ్రికా విమాన విపణి' మొదలైంది. తర్వాత చేరిన దేశాలతో ఆ లెక్క 30 దాటింది. అయినా సంతకం వేరు, అమలు వేరు. టికెట్ మీద పన్నులు, విమానాశ్రయ రుసుములు, వీసాలు ఇంకా అడ్డుగా ఉన్నాయి.

ఇదంతా మనకెందుకు అంటారా? చెరకు తోటల్లో పనికి ఓడల్లో వచ్చిన తరం నుంచి డర్బన్‌లో తెలుగువాళ్ళున్నారు. కొత్త తరం వాళ్ళు లుసాకాలో, నైరోబీలో, డారెస్సలాంలో ఉన్నారు. అన్నదమ్ములు పక్క పక్క దేశాల్లో ఉండి కూడా పెళ్ళికో చావుకో చేరుకోలేకపోతే, దూరం కిలోమీటర్లలో లేదు, కాగితాల మీద ఉందని అర్థం. ఆఫ్రికా వాళ్ళకు ఇది తరతరాల అనుభవం. అక్కడ బతికిన మనం కూడా అందులో భాగస్వాములమే.

మళ్ళీ కలుసుకుందాం. సెలవు.