కైరో తాఊన్: ఒక తండ్రి వ్రాసిన లెక్క

సుప్రసిద్ధ హదీసువేత్త ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మ) తాఊన్ అనే ప్లేగు వ్యాధి వల్ల ఇద్దరు కుమార్తెలను హిజ్రీ 819లోనూ, మరొక కుమార్తెను 833 (క్రీ.శ. 1430)లోనూ పోగొట్టుకున్నారు. ఆ వ్యాధిని గురించి ఆయన ‘బజ్లుల్ మాఊన్’ అను గ్రంథం రచించారు.

833లో కైరోలో దినసరి మరణాలు 40 లోపు ఉండగా, ప్రజలు ఉపవాసాలుండి, ఎడారికి వెళ్ళి సామూహికంగా దుఆ చేశారు. నెల తిరగకముందే ఆ సంఖ్య 1000 దాటిందని అందులో వ్రాశారు. వ్యాధి ఒకరి నుండి మరొకరికి అంటుకొంటుందన్న వాదాన్ని ఆయన అంగీకరించలేదు. అయినను కన్నదానిని దాచలేదు. దుఆను వారించలేదు, అలా గుమిగూడడాన్నే ఆక్షేపించారు.

2020లో కోవిడ్ వల్ల మస్జిదులు మూతపడినప్పుడు, ఇంట నమాజు చేసుకోవడం విశ్వాసలోపమేమోనని ఎన్నో కుటుంబాలు కలత చెందాయి. దాదాపు ఆరు శతాబ్దాల క్రితం బిడ్డలను కోల్పోయిన ఒక తండ్రి వ్రాసిపెట్టిన ఆ లెక్క వారికి ఊరట కాగలదు.