పరాయి డి.యన్.ఏ.ను కణము గుర్తించు విధము

వైరసు సోకిన కణము ఇరుగుపొరుగు కణములను హెచ్చరించు నొక పదార్థమును వెలువరించునని 1957లో లండనునందు ఐజాక్స్, లిండెన్‌మన్ అను నిరువురు కనుగొని, దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరిడిరి. ఈ హెచ్చరికను పుట్టించునది పరాయి న్యూక్లియిక్ ఆమ్లమే కావచ్చునని 1963లో ఐజాక్సే తన సహచరులతో కలిసి సూచించెను. అయితే, అది పరాయిదని కణమునకు తెలియుటెట్లు? మా భివండీ తెలుగు పాఠశాలలోని బాలుడు లిపిని చూచినంతనే ఇది తెలుగు, ఇది మరాఠీ యని చెప్పగలడు. కణమున కా సౌకర్యము లేదు. జీవలోకమున కంతకును డి.యన్.ఏ. లిపి యొక్కటే; అక్షరములు నాలుగే.

మొదటి సమాధానము 1995లో అమెరికాలోని అయోవా నుండి వచ్చినది. సైటొసీన్, గ్వానీన్ అను అక్షరముల జంట బాక్టీరియా డి.యన్.ఏ.లో మీథైల్ గుర్తు లేకయే విరివిగా నుండుననియు, మన దానిలో అట్టిది అరుదనియు, కొన్ని రక్షకకణము లా తేడాను పసిగట్టుననియు క్రీగ్ బృందము చూపినది. ఆ జంటను పట్టు గ్రాహకమును 2000లో ఒసాకాలోని అకిరా బృందము గుర్తించినది. కాని యీ గ్రాహకము, కణము మ్రింగిన వస్తువు లుండు సంచులలో మాత్రమే కావలి కాయును. సంచి దాటి కణద్రవ్యములో చొరబడిన దానిని పట్టువా రెవరు?

2013లో డల్లాసునందు చెన్ బృందము ప్రకటించిన సి-గ్యాస్ అను మాంసకృత్తే ఆ కావలివాడు. ఇది అక్షరములను చదువదు. జంటపేట డి.యన్.ఏ. కణద్రవ్యమున కనబడినచో పట్టుకొని, ఒక చిన్న దూతను తయారుచేయును. 2008లోనే బయటపడిన స్టింగ్ అను మాంసకృత్తును ఆ దూత మేల్కొల్పగా ఇంటర్‌ఫెరాన్ పుట్టును. మన డి.యన్.ఏ. ఉండవలసిన చోటులు కేంద్రకము, మైటోకాండ్రియా. సాంచె నడిపినవారి కిది సులభముగా బోధపడును: బీముపై నున్నంతవఱకు అది పడుగు, ఆ దారమే తెగి పండ్లచక్రములలో చిక్కిన యెడల సాంచె నాపవలసినదే. కేంద్రకములో సైతము సి-గ్యాస్ కలదనియు, డి.యన్.ఏ. చుట్టుకొనియుండు హిస్టోను ఉండలే అచ్చట దానిని కదలనీయక యుంచుననియు 2020లో తేలినది.

తెగిన దారమును ఏరివేయు ట్రెక్స్-1 అను ఎంజైము పుట్టుకతోనే చెడిన శిశువులకు మెదడు దెబ్బతినునని 2006లో క్రో బృందము తెలిపినది. వారి కణములు సొంత డి.యన్.ఏ.నే శత్రువుగా నెంచి ఇంటర్‌ఫెరానును ఎడతెగక వెలువరించునని పిమ్మట తెలిసినది. "పరాయి" అను మాటకు నిఘంటువు లిచ్చు అర్థముకంటె ఈ వ్యాధి యిచ్చు అర్థమే లోతైనదని నా తలంపు.

మన మగ్గాల వాడలు చిరకాలముగా నెఱిగిన క్షయయందును ఇదియే కథ. క్షయక్రిమి తన్ను మ్రింగిన సంచికి తానే తూట్లు పొడుచును; అందుచే దాని డి.యన్.ఏ. సి-గ్యాస్ కంటబడునని 2015లో మూడు బృందములు ప్రకటించినవి.

ఈ చరిత్రలో తెలుగువారి పాలును కలదు. కొత్తగూడెమువారైన కన్నెగంటి తిరుమలాదేవిగారు కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో చదివి, 2007లో మెంఫిస్ నగరమందలి సెయింట్ జూడ్ పరిశోధనాసుపత్రిలో చేరిరి. డి.యన్.ఏ.ను పసిగట్టునదిగా 2009లో తెలిసిన ఏఐయం-2, పైరిన్, జడ్.బి.పి.-1 అను మఱి రెండింటితో ఒకే కూటమిగా నేర్పడి, హెర్పిస్ వైరసుగాని ఫ్రాన్సిసెల్లా బాక్టీరియాగాని చొచ్చిన కణమును చంపివేయునని ఆమె బృందము 2021లో చూపినది. ఏఐయం-2 లేని ఎలుకలు ఆ రెండు రోగములకును త్వరగా లోబడినవి.